ఎగ్జార్సిస్ట్ సినిమాలు డిస్కుల మీద: బాక్స్ సెట్ చాలా, విడివిడిగా కొనాలా?

చీకటిగది:

ఎగ్జార్సిస్ట్ వరసలో మొదటి ఐదు సినిమాలూ (1973, 1977, 1990, 2004, 2005) డిస్కుల మీద పెట్టుకోవాలని ఉంది. స్ట్రీమింగ్‌లో ఏ వెర్షన్ నడుస్తోందో ఎక్కడా రాయరు, పైగా ఇవాళ ఉన్న సినిమా వచ్చే నెల ఉంటుందన్న నమ్మకం లేదు. 2014లో వచ్చిన బ్లూ-రే బాక్స్ సెట్ సెకండ్ హ్యాండ్‌లో కనబడుతోంది. మొదటి సినిమాకి 4కె డిస్కు విడిగా ఉంది. ఈ వరసని బాగా ఎరిగినవాళ్లు చెప్పాలి:

ఆ సెట్ ఒక్కటీ కొంటే పని అయిపోతుందా?

మొదటి సినిమా నిడివి ఒక అట్ట మీద 122 నిమిషాలు, ఇంకోదాని మీద 132, కొన్ని డీవీడీల మీద 117, 127 అని వేశారు. అంటే నాలుగు వెర్షన్లు ఉన్నాయా?

మూడో భాగం దర్శకుడి కట్‌లో బొమ్మ ఉన్నట్టుండి మసకబారిపోతుందని రాస్తున్నారు. డిస్కు లోపమా?

చివరిది. దయ్యం పట్టిన పిల్ల రీగన్ పడకగది సీన్లు టీవీలో నల్లముద్దలా కనిపిస్తున్నాయి. మాటలు వినపడవని సౌండు పెంచితే మరుక్షణం గోడలు అదురుతున్నాయి. టీవీ 4కె, హెచ్‌డీఆర్ ఉంది, ప్లేయర్ కూడా 4కె. స్పీకర్లు మాత్రం రెండే.

రీలుమార్పు:

నిడివి సంగతి ముందు చెప్తాను. నాలుగు కాదండీ, రెండే. 1973లో థియేటర్లకి వచ్చింది 122 నిమిషాలు. 2000లో అదనపు సన్నివేశాలతో మళ్లీ విడుదలైంది 132 నిమిషాలు. తర్వాతి డిస్కుల అట్టల మీద దీన్నే ఎక్స్‌టెండెడ్ డైరెక్టర్స్ కట్ అంటున్నారు. మీరు చూసిన 117, 127 కూడా ఈ రెండే, కాకపోతే పాల్ (యూరప్, భారత్ లాంటిచోట్ల వాడిన టీవీ పద్ధతి) డీవీడీలు. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములు, పాల్ పద్ధతిలో నడిచేది 25. ఆ 24 ఫ్రేముల బొమ్మనే 25 వేగంతో తిప్పేస్తారు, దాంతో సినిమా 4 శాతం ముందే అయిపోతుంది. 122ని 24తో హెచ్చించి 25తో భాగించి చూడండి, 117 వస్తుంది. 132కి అలాగే చేస్తే 127. ఒక్క ఫ్రేము కూడా కోసింది లేదు.

కోత లేకపోయినా నష్టం ఉంది. వేగంతోపాటు శ్రుతి కూడా పెరుగుతుంది. డిస్కు తయారుచేసేటప్పుడు సరిచెయ్యకపోతే దాదాపు ముప్పావు సెమిటోన్ పైకి పోతుంది. ఈ సినిమాలో భయం సగం గొంతులోనే ఉంది. దయ్యానికి గొంతిచ్చిన మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్ ఆ బొంగురుని ఎంత కిందికి దించి పలికారో, పాల్ డీవీడీలో అంత సన్నబడుతుంది. అందుకని ఈ సినిమా పాల్ డీవీడీ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. బ్లూ-రే, 4కె డిస్కుల్లో 24 ఫ్రేములే ఉంటాయి, ఆ బెడద లేదు.

ఇంకో మాట. 117 అంకె చూసి వెర్షన్ నిర్ధారించకండి. మొదటి సినిమా పాల్ నిడివి 117, రెండో భాగం అసలు నిడివి 117, 2005 నాటి డొమినియన్ కూడా 117.

సెకండ్ హ్యాండ్ డిస్కు అట్ట మారిపోయి వస్తే లోపల ఏ కట్ ఉందో మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. 1973ది టైటిల్ పడగానే నేరుగా ఇరాక్ ఎండలోకి, తవ్వకాల్లోకి వెళ్తుంది. 2000ది ముందు జార్జ్‌టౌన్‌లోని ఇంటిని చూపించి తర్వాత ఇరాక్‌కి వెళ్తుంది. అదనంగా వచ్చినవి: రీగన్‌ని మొదటిసారి డాక్టరుకి చూపించడం, మెట్ల మీద వెల్లకిలా సాలెపురుగులా దిగే సీను, భూతవైద్యం మధ్యలో మెట్ల మీద కూర్చుని ఫాదర్లు మెరిన్, కరాస్ మాట్లాడుకోవడం, మారిన ముగింపు. సాలెపురుగు సీను 1973లోనే తీశారు, అప్పట్లో కట్టిన తీగలు కనబడుతున్నాయని పక్కన పెట్టారు. వాటిని కంప్యూటర్‌లో చెరిపి 2000లో చేర్చారు. మెట్ల మీది సంభాషణ, కొత్త ముగింపు రచయిత బ్లాటీ మొదటినుంచీ కోరినవి. అవి లేకపోతే దయ్యమే గెలిచిందని జనం అనుకుంటారని ఆయన బెంగ.

ఏది ముందు చూడాలంటే, 1973దే. అందులో దర్శకుడు ఫ్రైడ్‌కిన్ చాలాచోట్ల సంగీతం లేకుండా వదిలేసిన నిశ్శబ్దం ఉంది. 2000 కట్ ఆ ఖాళీల్లో కొన్నింటిని కొత్త శబ్దాలతో, గోడల మీద మెరిసే దయ్యం ముఖాలతో నింపింది. తెలిసిన సినిమాకి అనుబంధంగా చూడటానికి అది బాగుంటుంది, మొదటి పరిచయానికి కాదు.

2023లో 50 ఏళ్ల సందర్భంగా వచ్చిన 4కె సెట్‌లో రెండు కట్‌లూ వేర్వేరు డిస్కుల మీద ఉన్నాయి. బొమ్మ విషయంలో ఇంతవరకు వచ్చినవాటిలో అదే మేలు. శబ్దానికి ఒక గమనిక: 1973లో ఈ సినిమా మోనోలో విడుదలైంది, ఆ సంవత్సరం సౌండుకి ఆస్కార్ తెచ్చుకుంది ఆ మిక్సే. ఇప్పటి డిస్కుల్లో ముందుగా మోగేది తర్వాత చేసిన బహుళ చానెళ్ల మిక్స్. అసలు మోనో వినాలని పట్టుదల ఉంటే ఏ ఎడిషన్ కొన్నా వెనక అట్ట మీద ఆడియో ట్రాకుల వరస చదివి మోనో అని ఉంటేనే డబ్బు పెట్టండి.

మూడోరీలు:

2014 సెట్ గురించి. ఐదు సినిమాలూ ఉన్నాయి, మొదటిదానికి రెండు కట్‌లూ ఉన్నాయి. లేనివి చెప్తే మీకే తేలిపోతుంది: రెండో భాగం కుదించిన కట్ లేదు, మూడో భాగం దర్శకుడి కట్ లేదు. ఈ వరసలో ప్రతి సినిమా వెనకా నిర్మాతలకీ దర్శకుడికీ మధ్య ఓ పంచాయితీ ఉంది. ఆ పంచాయితీలో ఓడిపోయిన వెర్షన్లు కొన్ని విడి డిస్కుల్లోనే దొరుకుతాయి. పెట్టెని కాకుండా వెర్షన్‌ని చూసి కొనాలనేది అందుకే.

రెండో భాగం ‘ది హెరెటిక్’ (1977) విడుదలైన రోజుల్లో జనం భయపడాల్సిన చోట నవ్వారు. దర్శకుడు జాన్ బూర్మన్ వెంటనే కత్తెర పట్టుకుని మళ్లీ కూర్చారు. 2018లో డిస్కుల సంస్థ స్క్రీమ్ ఫ్యాక్టరీ వేసిన రెండు డిస్కుల బ్లూ-రేలో 117 నిమిషాల అసలు కట్, హోమ్ వీడియో కట్ అని పిలిచే 102 నిమిషాలది రెండూ ఉన్నాయి. కుదించినదానిలో మొదట్లో పాత సినిమా నిశ్చల చిత్రాల మీద వ్యాఖ్యానం వస్తుంది, ముగింపు వేరు. కుదించినంత మాత్రాన సినిమా నిలబడలేదు. పొడుగుదే చూడండి. ఎన్నియో మోరికోనే సంగీతం, మిడతల వెంట ఎగిరే కెమెరా, వీటి కోసమైనా అది పూర్తిగా చూడాల్సిన సినిమా. కథ పట్టు తప్పుతుంది, ఆ మాట నిజమే.

మూడో భాగానికి (1990) మాత్రం విడి డిస్కు తప్పదు. ఈ వరసలో మొదటిదాని పక్కన ధైర్యంగా కూర్చోబెట్టగలిగింది ఇదొక్కటే. బ్లాటీ తన ‘లీజియన్’ నవలని తనే తెరకెక్కించారు. ఆయన తీసిన సినిమాలో భూతవైద్యమే లేదు. పేరులో ఎగ్జార్సిస్ట్ ఉన్నాక ఆ తంతు లేకపోతే ఎలా అని నిర్మాణ సంస్థ పట్టుబట్టింది. దాంతో ఫాదర్ మార్నింగ్ పాత్రని (నికోల్ విలియమ్సన్) కొత్తగా పుట్టించి క్లైమాక్స్ మళ్లీ తీశారు. ఆసుపత్రి గదిలో బ్రాడ్ డౌరిఫ్ ఒక్కడే చేసిన పాత్రలోకి జేసన్ మిల్లర్‌ని తెచ్చి ఇద్దరి మధ్య పంచారు.

మీరడిగిన మసక బొమ్మకి కారణం ఇదే. తీసేసిన భాగాల నెగటివ్ దొరకలేదు. షూటింగ్ రోజుల్లో ఏ రోజుకా రోజు చూసుకోవడానికి వీహెచ్ఎస్ టేపుల మీదికి ఎక్కించిన రషెస్ మాత్రం మిగిలాయి. 2016లో స్క్రీమ్ ఫ్యాక్టరీ దొరికినంతమేరకు మంచి ఫిల్ము, లేనిచోట ఆ టేపులు కలిపి దర్శకుడి కట్‌ని అతికించింది. ఫిల్ము నుంచి టేపుకి మారినప్పుడల్లా అంచులు కరిగిపోతాయి, ఎరుపు రంగు గీత దాటి పక్కకి పాకుతుంది. డిస్కు మార్పించుకోనక్కర్లేదు. ఆ భాగాలు బాగుచేద్దామని టీవీలో షార్ప్‌నెస్ పెంచకండి, టేపు బుసబుసలే పదునెక్కుతాయి తప్ప వివరం రాదు. టేపులో లేని గీతని టీవీ తెచ్చిపెట్టలేదు.

చూసే వరస: ముందు 110 నిమిషాల థియేటర్ కట్, తర్వాత 105 నిమిషాల దర్శకుడి కట్. ఆసుపత్రి వరండాలో కెమెరా కదలకుండా నిలబడే ఆ ప్రసిద్ధమైన షాట్ శుభ్రమైన ఫిల్ములో చూడాలి. డౌరిఫ్ ఏకబిగిన చెప్పే మాటలు మాత్రం రెండోదాంట్లోనే అసలు రుచి. ఎదురుగా కూర్చుని వింటున్న జార్జ్ సి. స్కాట్ ముఖం మారే తీరుకి మసక అడ్డం రాదు. 2023లో దీనికి 4కె సెట్ కూడా వచ్చింది. థియేటర్ కట్‌కి దానివల్ల లాభం ఉంటుంది, టేపు భాగాలకి ఏ 4కె వచ్చినా ఒకటే.

ముందుకథలు రెండూ ఒకే సినిమాకి రెండు జన్మలు. పాల్ ష్రేడర్ తీసినదాన్ని సంస్థ మూలన పడేసి, రెనీ హార్లిన్‌తో దాదాపు మొత్తం మళ్లీ తీయించి 2004లో ‘ది బిగినింగ్’గా వదిలింది. ష్రేడర్‌ది ‘డొమినియన్’ పేరుతో 2005లో బయటికొచ్చింది. రెండింట్లోనూ మెరిన్ స్టెల్లాన్ స్కార్స్‌గార్డే, ఛాయాగ్రాహకుడు విట్టోరియో స్టొరారోయే. డొమినియన్‌లో గ్రాఫిక్స్ అరకొరగా ఉంటాయి, ముఖ్యంగా హైనాలు. మిగతా అంతా అదే మెరుగు. ఈ రెండింటికీ సెట్‌లోని డిస్కులే చాలు.

కాబట్టి సెట్ చవగ్గా వస్తే రెండు ముందుకథల కోసం తీసుకోండి, దానికి మూడో భాగం విడి డిస్కు, మొదటిదాని 4కె కలపండి. సెట్‌కి ఎక్కువ అడుగుతుంటే ఆ విడి రెండూ ముందు కొనండి. 2023 నాటి ‘బిలీవర్’ యూనివర్సల్‌ది, ఈ పెట్టెలో దాన్ని వెతక్కండి.

నల్లస్థాయి:

నల్లముద్దకి మూడు కారణాలు ఉండొచ్చు, ఈ వరసలోనే చూసుకోండి.

ఒకటి, ప్లేయర్‌కీ టీవీకీ నలుపు లెక్క కుదరకపోవడం. డిస్కులో వీడియో 8 బిట్ లెక్కన 16 నుంచి 235 దాకా ఉంటుంది, అంటే 16 అంటే నలుపు. ప్లేయర్ అలాగే పంపుతుంటే టీవీ 0ని నలుపు అనుకుని కూర్చుంటే బొమ్మ వెలిసినట్టు బూడిదగా కనిపిస్తుంది. ప్లేయర్ 0-255కి సాగదీసి పంపుతుంటే టీవీ 16ని నలుపు అనుకుంటే నీడలన్నీ కలిసి ముద్దవుతాయి. మీది ఈ రెండోదిలా ఉంది. ప్లేయర్‌లో ఆర్‌జీబీ వద్దు, వైసీబీసీఆర్ ఎంచుకోండి. టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్‌ని ఆటోలో గానీ, లిమిటెడ్ లేదా లో అన్నదాంట్లో గానీ పెట్టండి.

రెండు, గది వెలుతురుని బట్టి బొమ్మని తగ్గించే సెన్సర్, పవర్ సేవింగ్. రెండూ ఆపెయ్యండి. చీకట్లో చూసే సినిమాకి ఇవే శత్రువులు.

మూడు, హెచ్‌డీఆర్ టోన్ మ్యాపింగ్, అంటే డిస్కులోని వెలుగుని టీవీ తన శక్తికి తగ్గట్టు కుదించుకోవడం. ప్యానెల్ వెలుగు తక్కువైతే టీవీ మెరుపుల్ని కాపాడబోయి మొత్తం బొమ్మని కిందికి దించేస్తుంది. బ్రైట్‌నెస్ మీటని ముట్టుకోకండి, అది నలుపుని బూడిద చేస్తుంది. ప్లేయర్‌లో హెచ్‌డీఆర్ ఆప్టిమైజర్ లాంటిది ఉంటే మీ ప్యానెల్ రకం చెప్పి దాన్ని వాడండి. అప్పటికీ చాలకపోతే హెచ్‌డీఆర్ ఆపి ఎస్‌డీఆర్‌గా మార్చి పంపమనండి. తక్కువ వెలుగు టీవీలో అదే బాగుంటుంది.

సరిచేసుకున్నది కుదిరిందో లేదో సినిమాయే చెప్తుంది. ఆ పడకగది సెట్‌ని నిజంగానే చల్లబరిచి తీశారు, నటుల నోటివెంట వచ్చే ఆవిరి అసలైనది. భూతవైద్యం సీనులో మెరిన్ ప్రార్థన చదువుతున్నప్పుడు ఆ ఆవిరి చీకటి గోడ మీద విడిగా కనబడాలి, కరాస్ నల్ల అంగీ మడతలు కనబడాలి, అయినా గది మూలలు నలుపుగానే ఉండాలి. ఆవిరి కనబడక మడతలు కలిసిపోతే నలుపు ముద్దయింది. మూలలు బూడిదైతే ఎక్కువ ఎత్తారు.

మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ రెండూ సున్నా చెయ్యాలి. ఈ సినిమాకి ఇది మామూలు సలహా కాదు. కరాస్ కలలో తెల్లటి ముఖం కొద్ది ఫ్రేములు మాత్రమే మెరుస్తుంది. ఒక ఫ్రేము సెకనులో 24వ వంతు. స్మూతింగ్ దాని ముందూ వెనకా లేని ఫ్రేముల్ని పుట్టించి ఆ కోతని కరిగించేస్తుంది, నాయిస్ రిడక్షన్ పక్క ఫ్రేములతో కలిపి నున్న చేస్తుంది. చూసీ చూడనట్టు తగలాల్సిన దెబ్బ మెత్తబడిపోతుంది. ప్లేయర్‌లో 24పీ అవుట్‌పుట్ ఆన్ చెయ్యండి. ఇరాక్ భాగంలో ఇసుకలా కదిలే గ్రెయిన్ కనబడితే సంతోషించండి, ఫిల్ము చెక్కుచెదరకుండా వస్తోందన్నమాట.

ఇక మాటలు. స్పీకర్లు రెండే అన్నారు, తేడా అక్కడే. మాటలు దాదాపు అన్నీ మధ్య చానెల్‌లో ఉంటాయి. ప్లేయర్ 5.1 (ఆరు చానెళ్ల శబ్దం) పంపుతుంటే, అందుకునేది దాన్ని రెండుకి సరిగా కలపకపోతే మధ్య చానెల్ నీరసపడుతుంది. ప్లేయర్ ఆడియోని బిట్‌స్ట్రీమ్ నుంచి పీసీఎంకి మార్చి, డౌన్‌మిక్స్ స్టీరియో ఎంచుకోండి. సరౌండ్ ఎన్‌కోడెడ్ అన్నది వద్దు. చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా తగ్గించే డైనమిక్ రేంజ్ కంట్రోల్‌ని ఆటోలోనో మధ్యస్థంగానో పెడితే గోడలు అదరవు. కానీ మూడో భాగం వరండా షాట్ చూసేటప్పుడు మాత్రం దాన్ని ఆపెయ్యండి. అంతసేపు అంత నిశ్శబ్దం పెట్టింది ఆ ఒక్క దెబ్బ కోసం. నిశ్శబ్దాన్నీ దెబ్బనీ ఒకే ఎత్తుకి తెస్తే షాట్ చచ్చిపోతుంది.

చీకటిగది:

బ్లాక్ లెవెల్ మార్చగానే ఆవిరి కనబడింది, చాలా థాంక్స్ అండీ. ఇంకో రెండు. అమెరికా డిస్కులు ఇతర దేశాల ప్లేయర్లలో ఆడతాయా? 2006 నాటి డీవీడీ ఆంథాలజీ కూడా చవగ్గా కనబడుతోంది, అదనపు సెట్‌గా తీసుకోవచ్చా?

పొరలెక్క:

4కె డిస్కులకి రీజియన్ (ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలన్న తాళం) లేదు, ఎక్కడివైనా ఆడతాయి. మెలిక ఏంటంటే 4కె సెట్‌లో తోడుగా ఇచ్చే బ్లూ-రేకి రీజియన్ ఉండొచ్చు. బ్లూ-రేలో A అంటే అమెరికా ఖండాలు, జపాన్. B యూరప్, ఆస్ట్రేలియా. C భారత్, చైనా, రష్యా. స్క్రీమ్ ఫ్యాక్టరీ బ్లూ-రేలు A తాళం వేసినవి, కాబట్టి పైన చెప్పిన రెండో భాగానికి, మూడో భాగం దర్శకుడి కట్‌కి A ప్లేయర్ గానీ రీజియన్ ఫ్రీ ప్లేయర్ గానీ కావాలి. డీవీడీల అంకెలు వేరు: అమెరికా 1, యూరప్, జపాన్ 2, భారత్ 5. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తుంది, ఆఖరిసారి పెట్టింది అలాగే ఉండిపోతుంది. తొందరపడి నొక్కకండి.

2006 డీవీడీ సెట్ దగ్గర జాగ్రత్త. 2006 నుంచి 2008 దాకా తయారైన వార్నర్ డీవీడీలు కొన్ని ముందుగానే చెడిపోతున్నట్టు ఆ సంస్థే 2025లో ఒప్పుకుంది. అన్నీ పోతాయని కాదు, పరీక్షించకుండా కొనొద్దని. పరీక్ష కూడా సరైన చోట చెయ్యాలి. రెండు పొరల డీవీడీలో మొదటి పొర లోపలి అంచు నుంచి బయటికి చదువుకుంటూ పోతుంది, రెండో పొర బయటి అంచు నుంచి లోపలికి వస్తుంది. సినిమా మధ్యభాగం పడేది బయటి అంచు దగ్గర. చెడు సాధారణంగా అక్కడినుంచే మొదలవుతుంది. అందుకే మొదటి పది నిమిషాలు, చివరి పది నిమిషాలు చూసి బాగుందనుకున్న డిస్కు సరిగ్గా నడుమ ఆగిపోతుంది. రెండు గంటల సినిమాకి 50వ నిమిషం నుంచి 75 దాకా ఆపకుండా ఆడించండి. కంప్యూటర్ ఉంటే డిస్కంతా చదివే ప్రోగ్రాంతో ప్రతి సెక్టారూ చదివించండి, వేగం నడుమ కుప్పకూలితే వదిలెయ్యండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని అంచున కాఫీరంగు మచ్చలు, మబ్బు కమ్మినట్టు తెలుపు ఉన్నాయేమో చూడండి. అవి గీతలు కావు, తుడిస్తే పోవు.

మార్కెట్‌లో అయిపోయిన సెట్‌లకి నకళ్లు కూడా తిరుగుతుంటాయి. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్కు వెనకభాగం వెండిరంగులో, రెండు పొరల డీవీడీ అయితే కొన్నిసార్లు లేత బంగారురంగులో ఉంటుంది. రికార్డు చేసిన డీవీడీ ఊదారంగులోకి, రికార్డు చేసిన బ్లూ-రే ముదురు బూడిద లేదా గోధుమ రంగులోకి పోతుంది. నడుమ రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో ఐఎఫ్‌పీఐ (IFPI) అనే సన్నటి అక్షరాలు వెతకండి. ఆ రెండు ఫొటోలూ, డిస్కు వెనకభాగం, నడుమ వలయం, పంపమని అమ్మేవాళ్లని అడగండి. పంపకపోతే కొనకండి.

రీలుమార్పు:

పాత టేపులు సేకరించేవాళ్లకి ఒక ముక్క. బ్రిటన్‌లో 1984 వీడియో చట్టం వచ్చాక మొదటి సినిమా ఇంటి వీడియోకి 1999 దాకా సర్టిఫికెట్ రాలేదు, ఆ ఏడాది కోతల్లేకుండా 18 (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ ఇచ్చారు. చట్టానికి ముందు అక్కడ అమ్మిన టేపులకి గిరాకీ అందుకే. అయితే అవి పాల్ టేపులు, పైన చెప్పిన 4 శాతం వేగం వాటికీ ఉంటుంది. దొరికితే వెంటనే ఆడించకండి, క్యాసెట్ కిటికీలోంచి టేపు అంచుల మీద తెల్లటి బూజు ఉందేమో చూడండి. బూజు టేపు ఒకటి పెడితే హెడ్లకి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి టేపుకీ పాకుతుంది. శుభ్రంగా ఉంటే ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, బిగువు సమానమయ్యాకే ప్లే నొక్కండి.